ప్రపంచ వేదికపై పాఠశాల విద్యార్థుల వాదప్రతివాదాలు

మన పాఠశాలల వార్షికోత్సవాలలో వక్తృత్వ పోటీకి చిరకాలంగా ఒక స్థానం ఉన్నది. "కత్తి గొప్పదా, కలం గొప్పదా", "పల్లె మేలా, పట్నం మేలా", "విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా" వంటి అంశాలు తరాలు మారినా మారలేదు. విద్యార్థి వేదిక ఎక్కి, అధ్యక్షులవారికి, న్యాయనిర్ణేతలకు, తోటి విద్యార్థినీ విద్యార్థులకు నమస్సుమాంజలులు అర్పించి, ఇంటివద్ద పెద్దలు వ్రాసియిచ్చిన మూడు పుటల ప్రసంగాన్ని ఏకబిగిన అప్పజెప్పి చప్పట్ల మధ్య దిగిపోతాడు. తరువాతి విద్యార్థి అదే అంశానికి వ్యతిరేకంగా తాను కంఠస్థం చేసినది అప్పజెబుతాడు. మొదటివాడు చెప్పినదానితో రెండవవాడికి నిమిత్తం లేదు. రెండవవాడు చెప్పబోయేది మొదటివాడికి పట్టదు. ఇద్దరూ ఒకే వేదికపై మాట్లాడారే గాని, ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

ఎదుటివాడు చెప్పినది విని, దానికి సమాధానం చెప్పడమనే విద్యను ప్రధానంగా పరీక్షించే అంతర్జాతీయ పోటీ ఒకటి పాఠశాల విద్యార్థుల కోసమే మూడున్నర దశాబ్దాలకు పైగా జరుగుతున్నది. దాని పేరు వరల్డ్ స్కూల్స్ డిబేటింగ్ ఛాంపియన్‌షిప్స్. 2019లో బ్యాంకాక్‌లో జరిగిన ఈ పోటీలో భారత జట్టు ప్రపంచ విజేతగా నిలిచింది. ఈ సంగతి మనలో ఎక్కువమంది దృష్టికి రాలేదు. అదే సంవత్సరం ప్రపంచ కప్ క్రికెట్ సెమీఫైనల్‌లో న్యూజిలాండ్ చేతిలో మన జట్టు ఓడిన సంగతి మాత్రం ఇంటింటా తెలుసు.

ఆరు జట్లతో ఆరంభం

విశ్వవిద్యాలయ విద్యార్థులకు ప్రపంచ స్థాయి డిబేట్ పోటీ 1981లో గ్లాస్గోలో మొదలయింది. 1988 ఆరంభంలో అది సిడ్నీలో జరిగినప్పుడు, పాఠశాల విద్యార్థులకు ఇటువంటి వేదిక లేదేమన్న ఆలోచన ఆస్ట్రేలియా డిబేట్ సంఘం వారికి కలిగింది. ఆ దేశం ద్విశతాబ్ది ఉత్సవాలు జరుపుకొంటున్న సంవత్సరమది. అదే ఏడాది కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, ఇంగ్లండ్, అమెరికా, హాంగ్‌కాంగ్ జట్లు తలపడ్డాయి. మొత్తం ఆరు జట్లు మాత్రమే. 1990 నుండి ఈ పోటీ ఏటా జరుగుతున్నది. ఇటీవలి సంవత్సరాలలో సుమారు అరవై జట్లు పాల్గొంటున్నాయి. మన ఉపఖండం నుండి భారతదేశంతోపాటు పాకిస్తాన్, శ్రీలంక, బంగ్లాదేశ్ జట్లు కూడా ఇందులో కనిపిస్తాయి. 2020, 2021, 2022 సంవత్సరాలలో కరోనా కారణంగా పోటీలు కంప్యూటర్ తెరలపైనే జరిగాయి. 2023లో హనోయ్‌లో విద్యార్థులు మళ్ళీ ముఖాముఖి కలుసుకున్నారు.

ఫుట్‌బాల్‌లో వలెనే ఇక్కడ కూడా ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ వేర్వేరు జట్లుగా ఆడతాయి. దేశం చిన్నదైనంత మాత్రాన జట్టు చిన్నది కానక్కరలేదు. సింగపూర్ ఈ పోటీకి 2002లోనూ, 2015లోనూ ఆతిథ్యమిచ్చింది. 2011లో స్కాట్లండ్‌లోని డండీ నగరంలో విజేత కూడా అయింది. ఖతార్ కథ మరింత ఆసక్తికరమైనది. 2008లో వాషింగ్టన్‌లో జరిగిన పోటీకి ఆ దేశపు విద్యార్థులు కొత్తగా వెళ్ళారు. వారి ప్రయాణంపై 'టీమ్ ఖతార్' అనే డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి, 2010లో, దోహా నగరమే ఈ పోటీలకు వేదికయింది. అంతటితో ఆగక, ఖతార్‌లోని డిబేట్ సంస్థ అరబ్బీ భాషలోనే పాఠశాల విద్యార్థులకు అంతర్జాతీయ పోటీలు నిర్వహించడం మొదలుపెట్టింది. ఈ చివరి అంశాన్ని పాఠకులు గుర్తుంచుకోగోరుతున్నాను. దాని వద్దకు మళ్ళీ వద్దాం.

పోటీ నడిచే తీరు

జట్టులో ముగ్గురు మొదలు ఐదుగురు వరకు సభ్యులుండవచ్చు. ఒక్కొక్క డిబేట్‌లో మాట్లాడేది ముగ్గురే. తీర్మానాన్ని బలపరిచేది ప్రతిపాదక పక్షం, ఎదుర్కొనేది వ్యతిరేక పక్షం. ఇరుపక్షాల వక్తలు ఒకరి తరువాత ఒకరు, ఒక్కొక్కరు ఎనిమిది నిమిషాల చొప్పున మాట్లాడతారు. ఆ ఆరు ప్రసంగాలు ముగిసిన తరువాత ప్రతి పక్షం నుండి మొదటి లేదా రెండవ వక్త నాలుగు నిమిషాల సమాధాన ప్రసంగం చేయాలి. ఇక్కడ క్రమం తలక్రిందులవుతుంది. వ్యతిరేక పక్షం ముందు మాట్లాడుతుంది, ప్రతిపాదక పక్షానికి ఆఖరి మాట దక్కుతుంది. ఈ నాలుగు నిమిషాలలో కొత్త వాదన చేయరాదు. జరిగిన చర్చలో అసలు పీటముడి ఎక్కడ పడింది, అది ఎవరివైపు విడింది అన్నది మాత్రమే చెప్పాలి.

ప్రసంగం మొదటి నిమిషం దాటిన తరువాత, ఏడవ నిమిషం ముగిసేలోగా, ఎదుటి పక్షంవారు లేచి నిలబడి ప్రశ్న వేయవచ్చు. ఆ ప్రశ్న పదిహేను సెకన్లు మించరాదు. స్వీకరించడం, నిరాకరించడం వక్త ఇష్టం. కాని ఒక్క ప్రశ్ననూ స్వీకరించని వక్తను న్యాయనిర్ణేతలు ధైర్యవంతుడని భావించరు. సాధారణంగా రెండింటిని స్వీకరించడం మర్యాద. మన అవధానాలలో అప్రస్తుత ప్రసంగి చేసే పని తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. అవధాని ధార ఎక్కడ తెగుతుందా అని అప్రస్తుత ప్రసంగి కాచుకొని ఉంటాడు, ఇక్కడా అంతే. తేడా ఒక్కటే. అక్కడ ప్రశ్న ఎంత అప్రస్తుతమైతే అంత రక్తి కడుతుంది, ఇక్కడ ఎంత ప్రస్తుతమైతే అంత గుచ్చుకుంటుంది.

మార్కుల పద్ధతి విశేషమైనది. ఒక్కొక్క ప్రసంగానికి నూరు మార్కులలో విషయానికి 40, శైలికి 40, వ్యూహానికి 20 కేటాయించారు. వాస్తవంగా 60 నుండి 80 లోపే వేస్తారు. సగటు ప్రసంగానికి 70. ఒక్క ప్రసంగంతో జట్టంతటినీ గట్టెక్కించే అవకాశం గాని, ఒక్క పొరపాటుతో ముంచే ప్రమాదం గాని లేకుండా ఈ కట్టడి చేశారు. సమాధాన ప్రసంగానికి ఇందులో సగం. న్యాయనిర్ణేతలు సాధారణంగా ముగ్గురు. వారు ఒకరినొకరు సంప్రదించకుండా ఎవరి మార్కులు వారు వేసిన తరువాతనే ఫలితం తేలుతుంది. ఇద్దరు ఒకవైపు మొగ్గితే మూడవవారి మార్కులు ఎంత ఎక్కువైనా లెక్కకు రావు. తలపడే రెండు దేశాలలో ఏ దేశానికి చెందినవారూ ఆ డిబేట్‌కు న్యాయనిర్ణేతగా కూర్చోరు. చివరకు వారిలో ఒకరు లేచి, ఏ పక్షం ఎందువలన గెలిచిందో అందరి ఎదుట వివరించాలి. మన వక్తృత్వ పోటీలలో ఈ చివరి ఘట్టం కనబడదు. బహుమతి ప్రదానం ఉంటుంది, కారణం ఉండదు.

తొలి దశలో ప్రతి జట్టు ఎనిమిది డిబేట్‌లలో పాల్గొంటుంది. వాటిలో నాలుగింటి తీర్మానాలు ముందుగానే తెలియజేస్తారు. మిగిలిన నాలుగింటి తీర్మానాలు డిబేట్‌కు సరిగ్గా గంట ముందు వెల్లడిస్తారు. అప్పుడు జట్టు సభ్యులు మాత్రమే ఒక గదిలోకి వెళతారు. శిక్షకుడు వెంట ఉండరాదు, ఫోను ఉండరాదు, అంతర్జాలం ఉండరాదు. ఆ గంటలో పదిహేను, పదహారేళ్ళ పిల్లలు ఏ విదేశాంగ విధానం గురించో, న్యాయవ్యవస్థ గురించో, క్రీడలలో డబ్బు పాత్ర గురించో ముగ్గురు వక్తలకు సరిపడే వాదనను పేర్చుకోవాలి. ఏది ఎవరు చెప్పాలో పంచుకోవాలి. ఎదుటివారు ఏమంటారో ఊహించాలి.

తీర్మానంలోని క్రియాపదాన్ని కూడా వారు జాగ్రత్తగా చదవాలి. "ఈ సభ విశ్వసిస్తున్నది" అంటే ఒక సూత్రం సరైనదని నిరూపించాలి. "ఈ సభ అమలుచేస్తుంది" అంటే ఎవరు, ఎలా, ఏ మినహాయింపులతో అమలుచేస్తారో ఒక పథకం చూపాలి. "ఈ సభ విచారిస్తున్నది" అంటే మరీ చిక్కు. జరిగిపోయిన ఒక పరిణామం జరగకుండా ఉండియుంటే లోకం ఎలా ఉండేదో బొమ్మ కట్టి చూపి, ఆ లోకం మేలైనదని ఒప్పించాలి. ఈ 'సభ' అనే మాట బ్రిటిష్ పార్లమెంటు నుండి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల విద్యార్థి సంఘాల నుండి వచ్చినది. కేంబ్రిడ్జి యూనియన్ 1815లోను, ఆక్స్‌ఫర్డ్ యూనియన్ 1823లోను ఏర్పడ్డాయి.

ఒక ఉదాహరణ

నియమాలు వర్ణిస్తే విషయం పూర్తిగా బోధపడదు. మన ఇళ్ళలో తరచు వినబడే అంశాన్నే తీసుకొందాం. "లాభాలలో ఉన్న ప్రభుత్వ రంగ సంస్థలలో ఈ సభ ప్రభుత్వ ఆధిక్య వాటాను విక్రయిస్తుంది" అన్నది తీర్మానమనుకొందాం. మన టౌన్‌షిప్‌లో పెరిగిన ఒక అమ్మాయికి ప్రతిపాదక పక్షం వచ్చింది. తండ్రి జీతం, ఇంటి క్వార్టరు, తాను చదివే పాఠశాల, జ్వరం వస్తే వెళ్ళే ఆసుపత్రి అన్నీ ప్రభుత్వ రంగానివే. అయినా ఆమె ఈ తీర్మానాన్ని బలపరచాలి.

మొదటి వక్తగా ఆమె ముందు హద్దులు గీయాలి. ఆధిక్య వాటా అంటే 51 శాతం. అంతకు దిగువకు వెళితే చట్టప్రకారం అది ప్రభుత్వ కంపెనీగా మిగలదు. అణుశక్తి, రక్షణ రంగాల సంస్థలను మినహాయిస్తామని ఆమె చెప్పవచ్చు. వచ్చిన సొమ్మును రోజువారీ ఖర్చులకు వాడరాదన్న షరతు పెట్టవచ్చు. ఇంత చెప్పిన తరువాతనే వాదన. వ్యాపారం నడపడం ప్రభుత్వపు పని కాదని, లాభాలలో ఉన్నప్పుడు అమ్మితేనే తగిన ధర వస్తుందని, నష్టాలు వచ్చేవరకు ఆగితే ఏమవుతుందో ఎయిరిండియా చెప్పిందని ఆమె అంటుంది. ఏళ్ళ తరబడి నష్టాలు మోసిన ఆ సంస్థ చివరకు 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్ళింది.

వ్యతిరేక పక్షం వక్త లేచి ప్రశ్న వేస్తాడు. వాటా అమ్మిన సొమ్ము ఒక్కసారే వస్తుంది, డివిడెండు ఏటా వస్తుంది, ఈ లెక్కకు మీ సమాధానమేమిటి? ఇక్కడ కంఠస్థ పాఠం పనికిరాదు. ధర అంటేనే రాబోయే డివిడెండ్ల విలువను నేడు లెక్కగట్టి తీసుకోవడమని ఆమెకు తెలిసియుంటే నిలబడుతుంది, లేకపోతే తడబడుతుంది. వ్యతిరేక పక్షంవారు తమ వంతు రాగానే 2001 నాటి బాల్కోను ముందుకు తెస్తారు. అక్కడ 51 శాతం వాటాను 551.5 కోట్ల రూపాయలకు విక్రయించినప్పుడు ధర చాలదన్న వివాదం చెలరేగింది, కార్మికులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. ప్రైవేటు పెట్టుబడి తొంగిచూడని అడవిలో, కొండల నడుమ, కర్మాగారం నిలిపి, ఊరు కట్టి, బడి పెట్టినది ఎవరని వారు అడుగుతారు. అదే సంవత్సరం డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ విక్రయాన్ని సమర్థించిందని ప్రతిపాదక పక్షం జవాబిస్తుంది. విధాన నిర్ణయంలో జోక్యం చేసుకోకపోవడం వేరు, ఆ నిర్ణయం మంచిదని చెప్పడం వేరు అని ఎదుటివారు మళ్ళీ పట్టుకొంటారు.

మూడవ వక్తల పని ఇంచుమించు పూర్తిగా ఖండనమే. తమ పక్షంవారు చెప్పినది మళ్ళీ చెప్పి కూర్చుంటే మార్కులు రావు. చర్చ రెండు మూడు ప్రశ్నల దగ్గర గూడుకట్టి ఉంటుంది. సొమ్ము ఎవరికి మేలు చేస్తుంది? వెనుకబడిన ప్రాంతం ఏమవుతుంది? ఉద్యోగికి రక్షణ ఎక్కడ? ఆ గూళ్ళను గుర్తించి, ఒక్కొక్కదానిలో ఎదుటివారు ఏమన్నారో వారికంటె స్పష్టంగా చెప్పి, అప్పుడు కాదనాలి.

ఆ అమ్మాయి ఇంటికి వచ్చి తండ్రితో ఏమి చెబుతుందో మనకు తెలియదు. ఆమె అభిప్రాయం మారియుండవచ్చు, మరింత గట్టిపడియుండవచ్చు. కాని ఆ అభిప్రాయానికి ఎదురు నిలిచే అతి బలమైన వాదన ఏమిటో ఇప్పుడామెకు తెలుసు. మనలో ఎంతమందికి తెలుసు? మన కార్యాలయాల సమావేశాలలో, కమిటీలలో, యూనియన్ చర్చలలో ఎదుటివారి మాటను వారు ఒప్పుకొనే రీతిలో తిరిగి చెప్పగలవారు దొరికితే, సగం ఫైళ్ళు ఇన్నిసార్లు పైకి, క్రిందికి తిరగవేమో.

మనకు కొత్త కాదు

ఈ పోటీ పద్ధతి పడమటి నుండి వచ్చినదే అయినా, దాని వెనుక నున్న ఆలోచన మన దర్శనాలకు సుపరిచితమైనది. గౌతముని న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండం అని మూడుగా విభజించాయి. తత్త్వనిర్ణయం కోసం జరిగేది వాదం. గెలుపు కోసం జరిగేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టక, ఎదుటివానిని పడగొట్టడానికి మాత్రమే చేసేది వితండం. 'వితండవాదం' అన్న మాటను మనం నిత్యం తిట్టుగా వాడుతున్నాం గాని, దానికి పక్కన మరి రెండు ఉన్నాయన్న సంగతి మరచిపోయాం.

అవే సూత్రాలు ఇరవైరెండు నిగ్రహస్థానాలను, అంటే వాది ఓడిపోయినట్లు లెక్కించవలసిన సందర్భాలను పేర్కొన్నాయి. చేసిన ప్రతిజ్ఞను వదిలివేయడం ప్రతిజ్ఞాహాని. మాట మార్చి వేరొక ప్రతిజ్ఞకు దుమకడం ప్రతిజ్ఞాంతరం. అసలు విషయం విడిచి మరొకటి ఎత్తుకోవడం అర్థాంతరం. చెప్పినదే చెప్పడం పునరుక్తం. ఇవన్నీ నేటి న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గించే దోషాలే. వీటన్నిటిలో నాకు అమూల్యంగా తోచేది అననుభాషణం. ప్రతివాది చెప్పిన మాట మూడుసార్లు వినిపించినా దానిని తిరిగి చెప్పలేకపోవడం ఈ దోషం. వినలేనివాడు అప్పటికే ఓడిపోయినట్లు లెక్క.

మన తెలుగువారికి శ్రీనాథ మహాకవి, గౌడ డిండిమభట్టుల వివాదం చిరపరిచితమే. ప్రౌఢదేవరాయల సభలో గెలిచి, డిండిమభట్టు కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకం పొందిన శ్రీనాథుని తలచుకొని మురిసిపోతాం. ఆ సభలో ఎవరు ఏమన్నారన్నది మాత్రం మన ముచ్చట్లలోకి రాదు. గెలుపు జ్ఞాపకముండి, వాదన మరుగున పడడం మనకు అప్పటి నుండీ అలవాటే కాబోలు.

నమ్మని మాట చెప్పించవచ్చునా?

ఈ పోటీలపై పెద్దలకు ఒక సహేతుకమైన అభ్యంతరం ఉన్నది. తాను నమ్మని పక్షాన్ని గట్టిగా వాదించడం పిల్లలకు అలవాటు చేస్తే, వారు దేనినీ నమ్మని మాటకారులుగా తయారుకారా? ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. 1954లో అమెరికా కళాశాలల డిబేట్‌కు, కమ్యూనిస్టు చైనా ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించాలన్నది అంశంగా వచ్చింది. ఇరుపక్షాలా మాట్లాడవలసియుండటంతో ఆ దేశపు సైనిక, నౌకాదళ అకాడమీలు తమ క్యాడెట్లు పాల్గొనరాదని నిషేధించాయి. శత్రువు పక్షాన మాట్లాడితే మనసు అటు మళ్ళుతుందన్న భయం ఒకరిది. నమ్మకం లేని మాట పలకడమే అనైతికమన్న ఆక్షేపణ మరికొందరిది.

నా అభిప్రాయంలో ఈ ప్రమాదం నిజంగానే ఉన్నది. నాలుగైదేళ్ళు ఈ పోటీలలోనే మునిగితేలిన కొందరు పిల్లలు ఇంట్లో తల్లితో కూడా మార్కుల కోసం మాట్లాడినట్లు మాట్లాడతారు. అయితే దీనికి విరుగుడు కూడా ఈ పద్ధతిలోనే ఉన్నది. పక్షాన్ని విద్యార్థి ఎంచుకోడు గనుక, అతడు చెప్పినది అతని నమ్మకమని ఎవరూ అనుకోరు. వేదిక దిగిన తరువాత ఎదుటి జట్టుతో కలిసి భోజనం చేస్తాడు. మర్నాడు మరొక తీర్మానంలో అవతలి పక్షం అతనికే రావచ్చు. మాటకు, మనిషికి మధ్య ఉండవలసిన ఆ కొద్దిపాటి దూరం మన బహిరంగ చర్చలలో నానాటికి తగ్గిపోతున్నది. టెలివిజన్‌లో నలుగురు ఒకేసారి అరిచే కార్యక్రమానికి కూడా డిబేట్ అనే పేరే పెట్టుకోవడం ఈ విద్యకు జరిగిన అన్యాయాలలో ఒకటి.

బో సియో అనే యువకుని ఉదంతం ఇక్కడ చెప్పుకోదగినది. ఎనిమిదేళ్ళ వయసులో తల్లిదండ్రులతో దక్షిణ కొరియా నుండి ఆస్ట్రేలియా చేరిన ఈ బాలుడికి అప్పటికి ఆంగ్లం రాదు. తరగతిలో తోటిపిల్లల వేగవంతమైన సంభాషణలో దూరలేక, ప్రతిదానికి తలూపి మౌనంగా ఉండటం అలవాటు చేసుకొన్నాడు. పాఠశాల డిబేట్‌లో ఒకరు మాట్లాడుతున్నప్పుడు మరొకరు అడ్డురారాదన్న నియమం ఉన్నదని ఉపాధ్యాయురాలు చెప్పినప్పుడు, ఆ నియమమే అతనిని ఆకర్షించింది. 2013లో టర్కీలోని అంటాల్యాలో ప్రపంచ పాఠశాలల పోటీ గెలిచిన ఆస్ట్రేలియా జట్టులో అతడు సభ్యుడు. 2016లో హార్వర్డ్ తరఫున విశ్వవిద్యాలయాల ప్రపంచ పోటీ కూడా గెలిచాడు. మాటకారి గనుక డిబేట్‌కు వెళ్ళినవాడు కాడు. మాట్లాడే చోటు మరెక్కడా దొరకక వెళ్ళినవాడు.

ఎవరి పిల్లలు?

ఈ దేశంలో మాట్లాడే చోటు దొరకని పిల్లలు కోట్లలో ఉన్నారు. ప్రపంచ పోటీకి భారత జట్టును ఎంపికచేసి శిక్షణ ఇచ్చే ఔత్సాహిక సంఘం ఒకటి మన దేశంలో పనిచేస్తున్నది. వారి కృషి ప్రశంసనీయం. కాని డిబేట్ శిక్షణ, అందుకు తగిన గ్రంథాలయం, పోటీలకు ఊళ్ళు తిరిగే వ్యయం భరించగలిగినవి మహానగరాల ప్రైవేటు పాఠశాలలే అధికం. విమాన ఛార్జీలు, నమోదు రుసుములు సరేసరి. వీటన్నిటికంటె ముందు భాష అడ్డువస్తుంది. పోటీ నడిచేది ఆంగ్లంలో. ఆంగ్లం మాతృభాష కాని దేశాల జట్లకు ప్రత్యేక పురస్కారాలు ఉన్నాయి గాని, ప్రధాన ఫలితానికి కొలమానం అందరికీ ఒక్కటే.

ఆంగ్లం వచ్చిన తరువాత డిబేట్ నేర్పుదామనుకోవడం పొరపాటని నా మనవి. ఖతార్ ప్రస్తావన ఇందుకే తెచ్చాను. ఆంగ్లంలో పోటీపడుతూనే వారు తమ భాషలో వేరుగా వేదిక కట్టుకొన్నారు. 1993లో సింగపూర్‌లో చైనీస్ భాషలో జరిగిన అంతర్జాతీయ విశ్వవిద్యాలయ డిబేట్ తుదిపోరులో మానవ స్వభావం సహజంగా మంచిదన్న తీర్మానంపై తైవాన్, షాంఘై విద్యార్థులు తలపడగా, కాదన్న షాంఘై ఫుడాన్ విశ్వవిద్యాలయం గెలిచింది. రెండువేల ఏళ్ళకు పైబడిన తమ తత్త్వవేత్తల వివాదాన్ని తమ నుడికారంలో విన్న ప్రేక్షకులకు ఆ పోటీ చిరకాలం గుర్తుండిపోయింది. మన తెలుగు మాధ్యమ విద్యార్థికి ఖండనం, ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణం అనే మాటలు పుట్టుకతో వచ్చినవే. వాటికోసం అరువు వెళ్ళనక్కరలేదు.

ప్రభుత్వ పరంగా ఏమీ జరగలేదనడం సరికాదు. పార్లమెంటరీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 1966-67 నుండి ఢిల్లీ పాఠశాలల్లో యువ పార్లమెంటు పోటీలు నిర్వహిస్తున్నది. 1988లో, అంటే కాన్‌బెర్రాలో ఆరు జట్లు కలిసిన ఏడాదిలోనే, ఆ పథకం జాతీయస్థాయిలో కేంద్రీయ విద్యాలయాలకు విస్తరించింది. అయితే అందులో ప్రశ్నోత్తరాల సమయం మొదలు బిల్లు ఆమోదం వరకు అన్నీ ముందుగా వ్రాసుకొని అభినయించవలసినవే. సభా మర్యాదలు అలవడతాయి, తడుముకొని జవాబు వెదికే అవసరం మాత్రం కలగదు. ప్రతిపక్ష నాయకుడు ఏ ప్రశ్న వేస్తాడో మంత్రికి నెలరోజుల ముందే తెలిసిన పార్లమెంటది.

ప్రభుత్వ రంగ సంస్థల ఆవరణలలో ఆ సంస్థల వ్యయంతోనే నడిచే కేంద్రీయ విద్యాలయాలు అనేకం. ఇటువంటి పాఠశాలలలో అధికారి కుమార్తె, హెల్పరు కుమారుడు ఒకే బల్లపై కూర్చుంటారు. దేశంలోని పలు భాషలవారు ఒకే కాలనీలో ఉంటారు. మహానగరపు ఖరీదైన పాఠశాలకు ఎంత డబ్బు పెట్టినా దొరకని మేళవింపు ఇది. డిబేట్‌కు కావలసిన ముడిసరుకు ఇంతకంటె వేరే ఏముంటుంది?

కావలసిన సామగ్రి కూడా అత్యల్పం. ఆరుగురు పిల్లలు, రెండు బల్లలు, ఒక గడియారం, ఒక గంట చాలు. న్యాయనిర్ణేతలుగా వేర్వేరు విభాగాల నుండి ముగ్గురు ఉద్యోగులు కూర్చోవచ్చు. తీర్పు ఎందుకిచ్చారో పిల్లల ఎదుట చెప్పవలసి వస్తుందని వారికి ముందే తెలియజేయాలి. ఆ ఒక్క నిబంధనతో న్యాయనిర్ణేతలు కూడా శ్రద్ధగా వింటారు. మొదటి ఏడాది ఎనిమిది నిమిషాలు ఎక్కువనిపిస్తే నాలుగు చేయవచ్చు, ప్రశ్నలను రెండవ ఏడాదికి వాయిదా వేయవచ్చు. కత్తిని, కలాన్ని కొంతకాలం విశ్రమించనిచ్చి, కాలనీకి దగ్గరి అంశాలు ఇవ్వవచ్చు. క్వార్టర్ల కేటాయింపులో సీనియారిటీ కంటె కుటుంబ అవసరానికి ప్రాధాన్యం ఇవ్వాలా? కాలనీ పార్కులో చెట్లు కొట్టి వాహనాలకు చోటు చేయాలా? తెలుగులో ఒక పోటీ, హిందీలో ఒకటి, ఆంగ్లంలో ఒకటి పెట్టవచ్చు.

పక్షాల నిర్ణయానికి రెండు చీటీలు మడిచి గిన్నెలో వేయాలి. తీసేది పిల్లలే. ఆ తరువాతి గంటసేపు వారిని గదిలో ఒంటరిగా వదలాలి. తల్లిదండ్రులు మాత్రం వరండాలో కూర్చొని టీ త్రాగుతూ ఉండవలసినదే. కిటికీలోంచి పాయింట్లు అందించకుండా కాపలాకు ఒక పెద్దమనిషిని నియమించడం ఉత్తమం.